మధ్యాహ్నం ఘాట్‌లో బండి లాగట్లేదు, ఇంటర్‌కూలర్ పెట్టించాలా?

మూడోగేరు
బండి 2011 మోడల్ టర్బో డీజిల్, ఎనిమిది సీట్లది. కంపెనీ పేరు రాయను. రాస్తే ఇక్కడ రెండు పార్టీలు తయారై అసలు సంగతి గంగలో కలుస్తుంది. ఇంజినుకు గాలిని నొక్కి పంపే టర్బో ఉంది, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ లేదు. తిరుపతి నుంచి మదనపల్లెకు వారానికి మూడు నాలుగు ట్రిప్పులు వేస్తాను, భాకరాపేట ఘాట్ మీదుగా.

తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరితే ఘాటంతా మూడో గేరులో పాటలు వింటూ ఎక్కేస్తుంది. అదే బండి, అంతే మంది, మధ్యాహ్నం ఒంటిగంటకైతే రెండో గేరు అడుగుతుంది. ఏసీ వేస్తే ఇక చెప్పక్కర్లేదు. వెనక నల్లపొగ. నిన్న ఒక బైకతను ఓవర్‌టేక్ చేసి, పక్కనే నడుపుతూ, ముఖం తుడుచుకున్న కర్చీఫ్ నాకు చూపించి వెళ్ళాడు. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

రేణిగుంట వైపు ఒక షెడ్డులో అడిగితే "ఇంటర్‌కూలర్ పెట్టేద్దాం, చెన్నై పుదుప్పేట నుంచి పాతది తెప్పిస్తా, పైపులూ ఫిట్టింగూ కలిపి 18 వేలు" అన్నాడు. ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ మార్చి నెల కూడా కాలేదు. పెట్టించమంటారా?

నల్లపొగ
ఎవరో నన్ను తలుచుకున్నారు.

రేణిగుంట_ఎండ
మే నెలలో మధ్యాహ్నం ఒంటిగంటకు రేణిగుంటలో మనిషే రెండో గేరులో నడుస్తాడు. బండినేం అంటాం.

టమోటాలోడు
కళ్ళు మూసుకుని పెట్టించు. మాకు రెండు లారీలు ఉండేవి. పాతది ఒట్టి టర్బో, కొత్తదాని మీద టీసీఐసీ అని రాసుంటుంది, అంటే టర్బోతో పాటు ఇంటర్‌కూలర్ కూడా అని. మదనపల్లె మార్కెట్లో ఒకే గంటకు లోడెత్తి చెన్నైకి వదిలితే కొత్తది ముందే చేరి, డ్రైవరు టిఫిన్ తిని, స్నానం చేసి కూర్చునేవాడు. పాతది అప్పుడు వచ్చేది, కింది వరస టమోటా రసం కార్చుకుంటూ. తేడా అంతా ఆ ఇంటర్‌కూలర్‌దే.

పంపుమేస్త్రి
టమోటా తమ్ముడూ, ఆగు. నీ కొత్త లారీకి కంపెనీవాడే పెట్టి ఇచ్చాడు. దానికి తగినట్టు పంపు సెట్టింగు, టర్బో, ఫ్యాను, రేడియేటరు అన్నీ లెక్క చూసే పెట్టుంటాడు. ఇంజిను హార్స్‌పవరే వేరు. అంతా ఇంటర్‌కూలర్ ఖాతాలో రాస్తే ఎట్లా?

మూడోగేరూ, నాకు నలభై ఏళ్ళ షెడ్డు అనుభవం. పొద్దున బాగా ఎక్కి మధ్యాహ్నం మొరాయిస్తోందంటే డీజిల్ చిమ్మే నాజిల్‌నో డీజిల్ పంపునో వెంటనే అనుమానించను. వాటికి టైము తెలీదు. ముందు గాలి సంగతి చూడు. బానెట్ ఎత్తి ఫోటో పెట్టు.

అలిపిరి_మెట్లు
తడి గోనెసంచి గ్రిల్లు ముందర కట్టండి. మా నాన్న అంబాసిడర్‌కు అట్లాగే కట్టేవాడు. ఖర్చు సున్నా.

నల్లపొగ
ఆ అంబాసిడర్‌కు టర్బో కూడా ఉండేదా సామీ?

అలిపిరి_మెట్లు
లేదు. రేడియేటర్‌లో నీళ్ళు కూడా ఉండేవి కావు చాలాసార్లు.

లెక్కల_అయ్యవారు
నేను రిటైరైన ఫిజిక్స్ అయ్యవారిని, మెకానిక్‌ను కాను. కానీ ఇందులో లెక్క ఉంది, ఊరుకోలేను.

సైకిల్ పంపు మూతి వేలితో మూసి నాలుగుసార్లు గట్టిగా కొట్టి చూడండి, అడుగుభాగం వెచ్చబడుతుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. టర్బో చేసే పని కూడా గాలిని నొక్కడమే, సైలెన్సర్‌కు పోయే వేడి పొగ బలంతో. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బ్యూఖి 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. మూడోగేరు బండికి బూస్టు, అంటే టర్బో అదనంగా ఇచ్చే ఒత్తిడి, 0.8 బార్ అనుకుందాం, అంటే గాలి 1.8 రెట్ల ఒత్తిడికి చేరుతుంది. బయట 40 డిగ్రీలుంటే, టర్బో కంప్రెసర్ నూటికి డెబ్బై పాళ్ళు సక్రమంగా పనిచేసినా, బయటికొచ్చే గాలి 120 డిగ్రీలు దాటుతుంది. నీళ్ళు మరిగే వేడి కన్నా ఎక్కువ. ఆ గాలే సిలిండర్లోకి పోతుంది.

వేడి గాలి పలుచన. ఈ వేడి దగ్గర ప్రతి పది డిగ్రీలకూ సుమారు రెండున్నర శాతం గాలి తక్కువ పడుతుంది. పాత పంపు బండి అయితే గాలి తగ్గిన సంగతి పంపుకు పెద్దగా తెలీదు. ఎప్పుడూ పోసేంత డీజిల్ పోస్తుంది. కాలడానికి గాలి చాలని డీజిలే ఆ బైకతని కర్చీఫ్ మీదికి వెళ్ళింది.

ఇంటర్‌కూలర్ అంటే టర్బోకూ ఇంజినుకూ మధ్య పెట్టిన చిన్న రేడియేటరు. లోపల నీళ్ళ బదులు ఈ వేడి గాలి పోతుంది. హైవే మీద మంచి వేగంలో అది 120ని 65 దాకా దించగలదు. అప్పుడు గాలి దాదాపు 16 శాతం చిక్కనవుతుంది. కాబట్టి సూత్రం ప్రకారం మీ షెడ్డువాడు తప్పు చెప్పలేదు.

టమోటాలోడు
విన్నారా. అయ్యవారు కూడా నా పక్షమే.

లెక్కల_అయ్యవారు
"హైవే మీద మంచి వేగంలో" అని రాశాను నాయనా. ప్రశ్నపత్రం సగమే చదివి జవాబు రాసే అలవాటు నీకు బళ్ళో కూడా ఉండి ఉంటుంది.

గుత్తి_షెడ్డు
పాతికేళ్ళు గుత్తి డీజిల్ లోకో షెడ్డులో పనిచేశాను. మేము దీన్ని ఆఫ్టర్‌కూలర్ అంటాం. డబ్ల్యూడీఎం-2 అనే రైలింజినుకు పదహారు సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్. టర్బో నుంచొచ్చే గాలిని నీళ్ళతో చల్లబరిచి సిలిండర్లకు పంపేవాళ్ళు. తర్వాత దాన్ని 3,100కు పెంచినప్పుడు టర్బో ఒక్కటే మార్చలేదు, ఆఫ్టర్‌కూలర్ కూడా పెద్దది వేశారు. గాలి ఎక్కువ నొక్కితే ఎక్కువ చల్లబరచాలి, అంతే.

నల్లపొగ అని పేరు పెట్టుకున్నాయన ఆ ఇంజిను స్టేషన్‌లో కదిలేటప్పుడు చూసుంటే పేరు మార్చుకునేవాడు. డ్రైవర్ నాచ్ (వేగం పెంచే పిడి మెట్టు) పెంచగానే టర్బో తిరగడం అందుకునేలోపు గొట్టంలోంచి నిలువెత్తు మబ్బు లేచేది.

నల్లపొగ
గురువుగారికి పాదాభివందనం.

కాగితాలు_కరెక్టు
ఎవరూ ఎత్తడం లేదు కాబట్టి నేనే చెప్తా. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చూడండి. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేట్టు బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. మనుషుల్ని ఎక్కించుకుని తిప్పే బండి అంటున్నారు. రేపు ఏదైనా అయితే ఇన్సూరెన్సువాడు బానెట్ ఎత్తి చూసేది ఇలాంటివే.

టమోటాలోడు
ఆర్‌సీలో ఇంటర్‌కూలర్ అని కాలమ్ ఉందా? లేదు. మరి ఎవడు పట్టుకుంటాడు?

కాగితాలు_కరెక్టు
పట్టుకోకపోవడం వేరు, తప్పు కాకపోవడం వేరు. అదే బండికి ఇంటర్‌కూలర్ ఉన్న మోడల్ కూడా కంపెనీయే అమ్మి ఉంటే వాళ్ళ సర్వీస్ సెంటర్లో అడిగి, రాతపూర్వకంగా తీసుకుని, ఆర్టీవో ఆఫీసులో కనుక్కుని చెయ్యండి.

నల్లపొగ
ఆ పని అయ్యేసరికి శీతాకాలం వచ్చేస్తుంది, సమస్యే ఉండదు. అన్న చెప్పింది కూడా పరిష్కారమే.

బోరుబండి_చిత్తూరు
మాది బోరు లారీ. కంప్రెసర్ ఇంజిను నిలబడిన చోటే గంటలకొద్దీ ఫుల్ లోడు మీద తిరుగుతుంది. మామిడి తోట మధ్యలో, ఎదురుగాలి అన్న మాటే లేదు. అయినా ఇంటర్‌కూలర్ పనిచేస్తుంది. ఎందుకు? వెనక మనిషెత్తు ఫ్యాను ఉంది కాబట్టి. మూడోగేరు బండి ఘాట్‌లో ఎంత వేగంతో పోతుంది? పాతికా ముప్పై. ఆ వేగానికి ముందు నుంచి తగిలే గాలి విసనకర్ర గాలంత. కాబట్టి ఇంటర్‌కూలర్ ఎక్కడ పెడతారో షెడ్డువాణ్ణి అడగండి. రేడియేటర్ ముందర పెడితే ఫ్యాను లాగే గాలి దానికి తగులుతుంది, కానీ దాని వేడి రేడియేటర్ మీదికి వెళ్తుంది, టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది. బంపర్ మూలలో పెడితే రేడియేటర్‌కు ఇబ్బంది లేదు, కానీ ఘాట్‌లో దానికి గాలే తగలదు.

మా అసలు బాధ దుమ్ము. గ్రానైట్ పొడి సిమెంటులాగా ఇంటర్‌కూలర్ రేకు రెక్కల మధ్య పట్టేస్తుంది. కొత్త కుర్రాడు ఒకడు వాటర్ సర్వీసు గన్ను దగ్గరగా పెట్టి కొట్టి, రెక్కలన్నీ మడతపెట్టాడు. శుభ్రంగా ఉంది, గాలి మాత్రం దూరదు. ఇప్పుడు ఫ్యాను వైపు నుంచి ముందుకు, కాస్త దూరంగా పట్టుకుని గాలి కొడతాం. వచ్చిన దారినే దుమ్ము వెళ్ళిపోతుంది.

రేణిగుంట_ఎండ
కొన్ని పెద్ద బళ్ళకు బానెట్ మీద ముక్కులాగా రంధ్రం ఉంటుంది కదా, అది ఇందుకేనా? పాత 3.0 లీటర్ ఫార్చ్యూనర్‌కు చూశాను.

పంపుమేస్త్రి
దానికి నిజంగా ఇంటర్‌కూలర్ ఇంజిను పైన పడుకుని ఉంటుంది, ఆ ముక్కులోంచే గాలి. మన ఊళ్ళో కార్ల మీద స్టిక్కరుతో అతికించే ముక్కులు మాత్రం జలుబు చేసిన ముక్కులు. లోపలికేమీ పోదు.

తోతాపురి
పుదుప్పేట పాత సరుకు అన్న మాట వినగానే నా కథ చెప్పాలనిపించింది. కొంచెం పెద్దది, ఓపికుంటే చదవండి.

నాలుగేళ్ళ కింద మామిడికాయ సీజన్. మా మినీ లారీకి ఒక మెకానిక్ ఇట్లాగే సెకండ్‌హ్యాండ్ ఇంటర్‌కూలర్ తెచ్చి బిగించాడు. నేను పక్కనే ఉన్నా. డబ్బాలోంచి తీసి, గుడ్డతో బయట తుడిచి, పెట్టేశాడు. లోపల చూడలేదు, నేనూ అడగలేదు. దాని పాత బండి టర్బో ఆయిల్ కక్కి చచ్చిందని, ఆ ఆయిలంతా ఇంటర్‌కూలర్ అడుగున గడ్డకట్టి ఉందని తర్వాత తెలిసింది.

మర్నాడు చిత్తూరు నుంచి పలమనేరు వైపు, మొగిలి ఘాట్. మొదట్లో బండి జింకలాగా ఎక్కుతోంది, నేను మురిసిపోతున్నా. సగం ఎక్కాక ఇంజిను శబ్దం మారింది. కాలు తీసేశాను. శబ్దం తగ్గలేదు, పెరిగింది. తాళం తిప్పేశాను. అయినా ఆగలేదు. చేతిలో తాళం చెవి ఉంది, ఇంజిను అరుస్తోంది, అద్దంలో వెనక రోడ్డు కనిపించనంత తెల్లపొగ. డీజిల్ ఆగిపోయినా ఇంటర్‌కూలర్‌లో కరిగిన ఆయిల్‌ను గాలితో పాటు పీల్చుకుని దాన్నే కాల్చుకుంటోంది. నా కాలికీ తాళానికీ దాంతో సంబంధమే లేదు.

క్లీనర్‌గా వచ్చిన మా చిన్నాయన అప్పటికే దూకి చక్రం కింద రాయి వేశాడు. "టాప్ గేరు వేసి బ్రేకు మీద నిలబడి క్లచ్ వదలరా" అని అరిచాడు. అట్లాగే చేశాను. బండంతా ఒక్కసారి గుర్రంలా ఎగిరి ఆగింది. ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దం ఇప్పటికీ గుర్తు. నా ఎడమకాలు మాత్రం ఆగకుండా వణుకుతూనే ఉంది. చిన్నాయన బీడీ వెలిగించుకుని "దీనికి నువ్వు డబ్బులిచ్చావా?" అని ఒక్కటే అడిగాడు.

పాతది కొంటే లోపల పెట్రోలో డీజిలో పోసి, ఊపి, పారబోసి, తెల్లగుడ్డ నల్లబడనంత వరకు కడగండి. పూర్తిగా ఆరాకే బిగించండి.

పంపుమేస్త్రి
ఇది ప్రతి ఒక్కరూ రెండుసార్లు చదవండి. తోతాపురి చిన్నాయన చెప్పింది సరైన పని. గేరులో లేనప్పుడైతే ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూతి చెక్కతోనో లావు పుస్తకంతోనో మూసి గాలి ఆపాలి. చెయ్యి మాత్రం పెట్టొద్దు, లాగేసుకుంటుంది. అసలు ఇంజిను అట్లా అరుస్తుంటే ఎదురుగా నిలబడకపోవడమే మేలు.

ఇంకొకటి. ఇంటర్‌కూలర్‌లో పల్చగా ఆయిల్ తడి ఉండటం మామూలే. అడుగున కప్పు కాఫీ అంత నిలిస్తే టర్బో సీలు సంగతి చూసుకోవాలి.

అలిపిరి_మెట్లు
నా గోనెసంచికి ఎవరూ జవాబివ్వలేదు.

లెక్కల_అయ్యవారు
ఇస్తాను. మే నెలలో మధ్యాహ్నం మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తడిగుడ్డలోంచి పోయే గాలి పది డిగ్రీల పైనే చల్లబడగలదు. కూలర్‌లో వట్టివేళ్ళ తడక చేసే పనే అది. కానీ గోనె దట్టం. చల్లదనం వస్తుంది, గాలి రాదు, రేడియేటర్ ఉడుకుతుంది. నవంబరు వానల్లో అయితే చల్లదనం కూడా రాదు. ఆలోచన మాత్రం తక్కువది కాదు. ర్యాలీ వంశపు పెట్రోలు కార్లు, లాన్సర్ ఎవల్యూషన్, ఇంప్రెజా ఎస్‌టీఐ వంటివాటికి ఇంటర్‌కూలర్ మీద బయటి నుంచి నీళ్ళు చిలకరించే ఏర్పాటు కంపెనీయే ఇచ్చింది. మీ నాన్నగారు వాళ్ళకన్నా ముందే కనిపెట్టారనుకోవచ్చు.

అలిపిరి_మెట్లు
ఈ మాట ప్రింట్ తీసి ఫోటో పక్కన పెడతాను.

మూడోగేరు
ఇన్ని జవాబులు అనుకోలేదు. బానెట్ ఫోటో పెట్టాను, చూడండి మేస్త్రీ.

పంపుమేస్త్రి
ఎయిర్ ఫిల్టర్ డబ్బాకు కుడివైపు గుండ్రటి మూతి కనబడుతోంది చూడు, ఖాళీగా నోరు తెరుచుకుని. దానికి ఒక పైపు ఉండాలి కదా? మడ్‌గార్డ్ పక్క నుంచి గ్రిల్లు దాకా. అది ఏది?

మూడోగేరు
అక్కడ పైపు ఉంటుందా??

పంపుమేస్త్రి
ముందుభాగం ఎప్పుడైనా గుద్దించావా?

మూడోగేరు
ఆర్నెల్ల కింద పాకాల దగ్గర ఒక ఎద్దు. ఎద్దుకేం కాలేదు, అది చూసి వెళ్ళిపోయింది. గ్రిల్లు, కుడి లైటు పోతే టింకరింగ్ చేయించాను.

నల్లపొగ
ఎద్దును సాక్షిగా పిలవండి.

పంపుమేస్త్రి
టింకరింగ్‌వాడు ఆ పైపు విప్పి పక్కన పెట్టి మళ్ళీ బిగించడం మరిచాడు. ఆర్నెల్ల నుంచి నీ ఇంజిను బయటి గాలి పీల్చడం లేదు, రేడియేటర్ వెనకా సైలెన్సర్ మ్యానిఫోల్డ్ పక్కా తిరిగిన ఉడుకు గాలి పీలుస్తోంది. చలికాలంలో తెలీలేదు. ఇప్పుడు తెలిసింది.

నా మాట నమ్మొద్దు, కొలిచి చూడు. ఫ్రిజ్‌లో వేడి చూసే వైరు థర్మామీటరు ఎలక్ట్రికల్ షాపులో మూడు వందల లోపు దొరుకుతుంది. ఆ వైరు కొన ఫిల్టర్ డబ్బా మూతి దగ్గర టేపుతో అతికించి, వైరు డ్యాష్‌బోర్డు దాకా లాగి, ఘాట్ ఎక్కు. వైరు ఫ్యానుకు తగలకుండా చూసుకో.

దాంతోపాటు టర్బో నుంచి ఇంజినుకు పోయే హోస్ కూడా చెయ్యి పెట్టి తడుము. క్లాంపు దగ్గర నల్లటి జిడ్డుంటే అక్కడ గాలి లీకు. అనుమానమైతే సబ్బునీళ్ళు రాసి తక్కువ ప్రెషర్‌తో గాలి కొట్టించు, బుడగలొస్తాయి.

టమోటాలోడు
పైపు లేకపోయినంత మాత్రాన గేరు పడిపోతుందా మేస్త్రీ? ఫిల్టర్ ఉందిగా.

పంపుమేస్త్రి
ఫిల్టర్ దుమ్ము ఆపుతుంది తమ్ముడూ, వేడి ఆపదు.

మూడోగేరు
కొలిచాను. నిన్న మధ్యాహ్నం ఒంటిగంట పది, ఏడుగురు, ఏసీ ఆన్. రంగంపేట దాటి ఘాట్ మొదట్లో బయట 41. డబ్బా మూతి దగ్గర 58. మలుపులు ఎక్కుతుంటే ఒక్కొక్క అంకె పెరుగుతూ పోయింది. వెనక సీటు పెద్దాయన "ఏందయ్యా ఆ మీటరు, డబ్బులదా?" అని అడుగుతూనే ఉన్నాడు. పైకొచ్చేసరికి 71.

రాత్రి తిరుగు ప్రయాణంలో చూశాను, దిగేటప్పుడు 44 దాటలేదు.

సబ్బునీళ్ళు కూడా కొట్టించాను. బుడగలు రాలేదు.

లెక్కల_అయ్యవారు
71! ఈ అంకె కోసం నిన్నటి నుంచి కాచుకుని ఉన్నాను.

బయటి 41 డిగ్రీల గాలి టర్బోలోకి పోతే 123 దగ్గర బయటికి వస్తుంది. 71 డిగ్రీలది పోతే 161 దగ్గర వస్తుంది. ముందు 30 డిగ్రీల తేడా టర్బో దాటాక 38 అయింది, టర్బో ఉన్న వేడిని కూడా పెంచి పంపుతుంది కాబట్టి. అంటే పైపు తిరిగి పెడితే చాలు, అదే బూస్టులో ఇంజినుకు సుమారు తొమ్మిదిన్నర శాతం ఎక్కువ గాలి.

ఇప్పుడు ఇంటర్‌కూలర్ లెక్క. బోరుబండి చెప్పినట్టు ఘాట్‌లో విసనకర్ర గాలికి అది 123ని 65కు దించలేదు, 90కి దించితే గొప్ప. దానివల్ల వచ్చే లాభం కూడా సుమారు 9 శాతమే. ఘాట్ వరకు చూస్తే పైపూ ఇంటర్‌కూలరూ ఇచ్చేది దాదాపు సమానం. పైపు వందల్లో వస్తుంది, అది 18 వేలు.

బోరుబండి_చిత్తూరు
అంతకన్నా దారుణం ఇంకోటుంది. ఈ పైపు లేకుండానే షెడ్డువాడు ఇంటర్‌కూలర్ పెట్టేసుంటే? 161ని తెచ్చి 113 దాకా దించేది. బండి కొంచెం లాగేది. "చూశావా, పనిచేసింది" అనేవాడు. మనవాడు సంతోషంగా డబ్బులిచ్చేవాడు.

మూడోగేరు
ఇచ్చేవాణ్ణే.

టమోటాలోడు
సరే, పైపు విషయంలో ఒప్పుకుంటా. కానీ పైపు పెట్టాక కూడా ఇంటర్‌కూలర్ పెడితే ఆ లాభం అదనమే కదా? రెండూ ఉంటే నష్టమేంటి?

పంపుమేస్త్రి
నష్టం లేదు. పొగ తగ్గుతుంది, సైలెన్సర్ వేడి తగ్గుతుంది, పిస్టన్‌కూ టర్బోకూ సుఖం. కానీ జనం అక్కడితో ఆగరు. "ఇంత ఖర్చు పెట్టాం, పికప్ ఇంకా రావాలి" అని డీజిల్ ఎక్కువ పోసేట్టు పంపు స్క్రూ తిప్పించుకుంటారు. చల్లటి గాలి వల్ల వచ్చిన సుఖమంతా అక్కడ పోతుంది. అలాంటి ఇంజిన్లు విప్పి పిస్టన్ తల మీద గుంటలు చూశాను. కంపెనీ ఇచ్చిన బండికైతే సరే. ఊరికే తగిలించినదానికి నేను చెయ్యి పెట్టను.

టమోటాలోడు
అందరూ స్క్రూ తిప్పరు.

పంపుమేస్త్రి
నువ్వు తిప్పించావా లేదా?

టమోటాలోడు
…కొంచెం.

నల్లపొగ
😂 చర్చ చరిత్రలో నిలిచిపోయే "కొంచెం".

రేణిగుంట_ఎండ
కొండ ఎక్కే కొద్దీ గాలి పలుచన అవుతుంది కదా, అది లెక్కలోకి రాదా? తిరుమలకు పోయేటప్పుడు కూడా నా బండి ఇట్లాగే చేస్తుంది.

లెక్కల_అయ్యవారు
వస్తుంది. తిరుమల దగ్గర దగ్గర 850 మీటర్ల ఎత్తు, అక్కడ గాలి ఒత్తిడి కింద కన్నా సుమారు 8 శాతం తక్కువ. కానీ అది పొద్దునా మధ్యాహ్నమూ ఒకటే. మూడోగేరు ఫిర్యాదు పొద్దుటికీ మధ్యాహ్నానికీ ఉన్న తేడా గురించి. కొండ ఎత్తు పూటపూటకూ మారదు.

అలిపిరి_మెట్లు
తిరుమల ఘాట్‌కు 2022 నుంచి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు కూడా తిరుగుతున్నాయి కదా. వాటికి ఈ గాలి గొడవ లేదు, పొగ లేదు. మెట్ల మీద నడిచే నాకు ఆ తేడా ముక్కుకు తెలుస్తోంది.

నల్లపొగ
నా పొట్ట కొట్టారు.

బోరుబండి_చిత్తూరు
మూడోగేరూ, పైపు కొనేటప్పుడు ఒక మాట. మెత్తటి ప్లాస్టిక్ గొట్టం తీసుకోకు. ఇంజిను గట్టిగా పీల్చినప్పుడు లోపలికి నొక్కుకుపోయి మూసుకుంటుంది. లోపల ఇనుప తీగ చుట్టిన రబ్బరుది అడుగు, లేదంటే నీ మోడల్‌కు కంపెనీదే దొరికితే అదే మేలు. మూతి మరీ కిందికి పెట్టకు. వానాకాలం రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నీళ్ళు తాగితే ఇంజిను కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి.

మూడోగేరు
పది రోజుల తర్వాత వస్తున్నాను, సారీ, పెళ్ళిళ్ళ సీజన్.

కంపెనీ పైపే దొరికింది, తిరుపతి స్పేర్‌పార్ట్స్ కొట్టులో, క్లాంపుతో కలిపి 640 రూపాయలు. అయ్యవారు అన్నట్టు వందల్లోనే అయింది, 18 వేలు కాదు. నేనే బిగించుకున్నాను. గ్రిల్లు వెనక దాని కోసం ఒక ఖాళీ సాకెట్టు ఉంది, ఆర్నెల్లుగా రోజూ చూస్తూనే ఉన్నాను, ఏంటా అని అనుకోలేదు.

మొన్న మళ్ళీ అదే టైము, బయట 42, ఎనిమిది మంది, ఏసీ ఆన్. డబ్బా మూతి దగ్గర 46, ఎక్కువలో ఎక్కువ 47. రెండు గట్టి మలుపుల దగ్గర తప్ప ఘాటంతా మూడో గేరు. ఆ రెండు చోట్ల ఏసీ ఆపితే అవీ వెళ్ళేవేమో, కానీ వెనక పెళ్ళికూతురి మేనత్త కూర్చుని ఉంది, ఆ ధైర్యం చెయ్యలేదు. పొగ పూర్తిగా పోలేదు, గేరు మార్చినప్పుడు కొంచెం కనబడుతుంది.

పంపుమేస్త్రి
ఆ కొంచెం పొగకు నాజిళ్ళు ఒకసారి టెస్టు బెంచి మీద చూపించు. తొందరేం లేదు. ఘాట్ ఎక్కి ఆపినప్పుడు ఒక నిమిషం ఐడిల్‌లో పెట్టి ఆపడం మాత్రం ఇవాళ్టి నుంచే మొదలుపెట్టు. టర్బో బేరింగ్‌లో ఆయిల్ మాడిపోదు.

కాగితాలు_కరెక్టు
640 రూపాయల పైపుకు ఏ సెక్షనూ వర్తించదు. కంపెనీ ఇచ్చిన స్థితికి తెచ్చారు, అంతే. అభినందనలు.

టమోటాలోడు
షెడ్డువాడికి చెప్పావా?

మూడోగేరు
చెప్పాను. "నేనూ అదే చూద్దామనుకున్నా" అన్నాడు.

తోతాపురి
అందరూ అదే అంటారు.

బోరుబండి_చిత్తూరు
గ్రిల్లు వెనక పైపు మూతికి జాలీ ఉందా? మాకు ఒకసారి ఉడుత గూడు పెట్టింది. ఫిల్టర్ తీస్తే కొబ్బరి పీచు, సగం తిన్న వేరుశనక్కాయ.

మూడోగేరు
ఉడుతేంటి అన్నా, మాది ఇంటి ముందు వేపచెట్టు కింద ఆగే బండి.

ఇప్పుడే టార్చి వేసుకుని చూసొచ్చాను. జాలీ లేదు. పది రోజులకే గుప్పెడు వేపాకు.